మార్చి వచ్చినా నూజివీడు చలి పోలేదు

చలంటే నాకు పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, దారి పొడుగునా సణుగుతున్నానని తర్వాత ఎవరూ తప్పుపట్టరు. మా రాజమండ్రిలో చలికాలమంటే డిసెంబరు నెల, జనవరిలో ఓ రెండు వారాలు. ఆ తర్వాత దుప్పట్లు ఉతికి ఆరేసి అటకెక్కించేస్తాం. ఈ ఏడు నేను వాటిని రెండుసార్లు ఎక్కించి రెండుసార్లు దించాను. శివరాత్రి వెళ్ళింది, మార్చి వచ్చింది, అయినా పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురింటి గోడ కనిపించదు. మా వీధికొచ్చే ఐస్‌క్రీం బండాయన విసిగిపోయి వేరుశెనక్కాయలు వేయించి అమ్ముకుంటున్నాడు.

అలాంటి రోజుల్లో గురువారం సాయంత్రం గ్రేస్ ఫోన్ చేసింది. గ్రేసూ నేనూ టీచర్ ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నాం. నేను గోదావరి ఒడ్డున స్థిరపడ్డాను, అది నూజివీడు మెట్టలో, చాట్రాయి అవతల ఒక ఊళ్ళో. ఇద్దరం రిటైరయ్యాం. రెండు రోజులకోసారి ఫోన్లో కూరల దగ్గర్నుంచి కీళ్ళ నొప్పుల దాకా మాట్లాడుకుంటాం. ఆ రోజు మాత్రం కూరలూ లేవు, కీళ్ళూ లేవు.

"ఒసే వనజా, తోట చూడాలనుంటే ఆదివారం లోపల వచ్చెయ్. సోమవారం కొట్టించేస్తున్నాడు మా ఆయన."

"కొట్టించెయ్యడమేంటే?"

"పూత రాలేదుగా. చెట్లు ముసలివైపోయాయంటాడు. తీసేసి పామాయిల్ వేస్తాడంట. మొక్కలు కూడా తెచ్చి పడేశాడు. ఆదివారం దాకా చూద్దామన్నాడు, ఈ చలి పోయి ఏమన్నా పూస్తాయేమోనని. పోయేటట్టు లేదే."

ఆ తోట సంగతి కొంచెం చెప్పాలి. నాలుగెకరాలు, బంగినపల్లి, చిన్న రసాలు. గ్రేసుకి ఉద్యోగమొచ్చిన ఏడు, తొలకరి పడ్డాక, ఆ అంటు మొక్కల్ని నూజివీడు నుంచి బస్సు టాపు మీద తెచ్చి తన చేత్తో పాతింది. నేనూ వెళ్ళాను సాయానికి. నాలుగు గుంటలు తవ్వేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి, ఐదో గుంట దగ్గర పార పడేసి వంటింట్లో చేరాను. అయినా ఆ తోటలో నాలుగు చెట్లు నావని ముప్ఫై రెండేళ్ళుగా చెప్పుకుంటున్నాను. వాటిని కొట్టేస్తారంటే నాకు అన్నం సహించలేదు.

శనివారం పొద్దున ఏడుంబావుకి స్టేషన్లో ఉన్నాను. బ్యాగులో రెండు చీరలు, ఒక రగ్గు, గ్రేసుకి పూతరేకులు. ఒంటి మీద స్వెటరు, శాలువా, మంకీ క్యాపు. టికెట్ ముప్ఫై చిల్లర. ప్యాసింజరు పొగమంచులో నుంచి ఎనిమిదీ నలభైకి బయటపడింది. గోదావరి వంతెన మీద గోదావరి కనపడలేదు. అలవాటుగా చేతిలోకి తీసుకున్న రూపాయి బిళ్ళ ఎటు వెయ్యాలో తెలియక, చప్పుడు మారిన చోట కిటికీలోంచి వదిలేసి దణ్ణం పెట్టుకున్నాను.

ఎదురు సీట్లో ఒకావిడ ఖాళీ వెదురుబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏలూరు మార్కెట్‌కి పూలు వేసే మనిషట. బుట్ట ఖాళీ ఎందుకని అడిగాను.

"మల్లెలేవండి? ఈపాటికి రెండు బుట్టలు మోసేదాన్ని. మొగ్గ కట్టి అలాగే ఉండిపోయింది, విచ్చుకోదు. ఏలూర్లో వేరే పూలు ఏమన్నా దొరుకుతాయేమోనని చూడ్డానికి పోతున్నా," అంది. తర్వాత నా మంకీ క్యాపు వైపు చూసి, "మీకు చెవిపోటాండి?" అని జాలిపడింది. చెవిపోటు కాదు చలి అని చెప్పాను. ఆవిడ మామూలు నేత చీరలో, చెవులకు ఏమీ చుట్టుకోకుండా కూర్చుంది. నేనింక కిటికీలోంచి బయటికి చూశాను, బయట ఏమీ కనిపించకపోయినా.

ఈ దారిన కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. నూజివీడు స్టేషన్లో దిగితే నూజివీడు రాదు. స్టేషన్ ఉన్నది హనుమాన్ జంక్షన్‌లో. అక్కడి నుంచి ఊరికి బస్సెక్కి ఓ ముప్పావు గంట వెళ్ళాలి. మొదటిసారి వచ్చినప్పుడు నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి మామిడి తోటలేవని అడిగితే పోర్టరు నవ్వాడు. ఈసారి పావు తక్కువ పన్నెండుకి దిగి, నేరుగా జంక్షన్‌లో పెసరట్టు ఉప్మా తిని, రెండు టీలు తాగాను. హైవే మీద లారీలు పట్టపగలు లైట్లేసుకుని పోతున్నాయి.

నూజివీడు బస్సులో కండక్టరమ్మ ఆధార్ అడిగింది. ఆడవాళ్ళకి జీరో టికెట్ కదా. ఆవిడ కార్డు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కార్డు చూసింది.

"ఆ క్యాపు తియ్యండమ్మా. ఫోటోలో మీరేనో, ఇంకెవరన్నానో ఎలా తెలుస్తుంది నాకు?"

బస్సంతా నవ్వింది. తీశాను. వెనక సీట్లలో యూనివర్సిటీ పిల్లలు చొక్కాల మీద చొక్కాలు తొడుక్కుని, టోపీలు కళ్ళ దాకా లాక్కుని నిద్రపోతున్నారు. వాళ్ళని ఎవరూ టోపీ తియ్యమనలేదు. ఆ అన్యాయాన్ని మనసులో ఉంచుకుని నూజివీడులో దిగాను.

బస్టాండు బయట భోజనం బావుంది. గోంగూర పచ్చడి రెండుసార్లు వడ్డించారు. పక్కనే పళ్ళ దుకాణంలో మామిడికాయ ఏమన్నా కొత్తగా దిగిందా అంటే, దుకాణదారు గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి నాకేసి చూశాడు. "పూతే లేదండి, కాయెక్కడిది? ద్రాక్ష తీసుకోండి." తీసుకోలేదు. నూజివీడులో నిలబడి ద్రాక్ష కొనడానికి నాకు మనసొప్పలేదు.

ఒకటీ నలభైకి చాట్రాయి బస్సు. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా తోటలే. మామూలు ఏడాదిలో ఈ రోజుల్లో ఇక్కడ బస్సు కిటికీ తెరిస్తే పూత వాసన ముక్కుపుటాలకి తగులుతుంది, సన్న పిందె కూడా కనిపిస్తుంది. ఈసారి ముదురు ఆకుపచ్చగా, ఏ మార్పూ లేకుండా చెట్ల వెంట చెట్లు. కింద ఎండాకులు కాల్చి పొగ పెట్టారు కొందరు.

పక్కన కూర్చున్న పెద్దాయన, వెంకటేశ్వర్లుగారట, నా మొహం చూసి తనే అందుకున్నారు. "మొగ్గ లోపలే కూర్చుందండి. బయటికొస్తే మంచు కొట్టేస్తుందని దానికీ తెలుసు. నాలుగు రోజులు గట్టిగా ఎండ కాస్తే గానీ రాదు."

"ఈలోపల మీరేం చేస్తారు?"

"ఏం చెయ్యం. చేతులు కట్టుకుని కూర్చుంటాం. మామిడితో కష్టమే అది. వేరే పైరుకైతే నీళ్ళు పెట్టుకుంటాం, ఎరువేసుకుంటాం, ఏదోటి చేస్తున్నట్టుంటుంది. దీనికి పిందె బఠాణీ గింజంతయ్యే వరకూ చుక్క నీళ్ళు తగలకూడదు. తొందరపడి ముందే పెట్టామా, చెట్టు పూత మానేసి ఆకేసేస్తుంది. ఇంక ఆ ఏడు కాయ లేనట్టే."

ఎవరింటికని అడిగారు. సాల్మన్ రాజుగారింటికని చెప్పాను. గ్రేస్ భర్త పేరు అది.

"ఓహో, సాల్మన్‌గారింటికా! ఎప్పుడు నీళ్ళు పెట్టాలో మాకందరికీ చెప్పేది ఆయనేగా," అన్నారు. ఇంకేదో అనబోయి, ఆపి, బయటికి చూడటం మొదలుపెట్టారు.

మూడు దాటాక చాట్రాయిలో దిగితే సాల్మన్‌గారే బండేసుకుని వచ్చారు. అరవై అయిదేళ్ళ మనిషి, నిటారుగా ఉంటారు. మామూలుగా అయితే బండెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా, ఏ తోట ఎవరిది, ఎవరు ఏ తప్పు చేశారు, ఎలా చెయ్యాలి అని పాఠం చెప్తారు. టీచరు ఆయన భార్యే అయినా పాఠాలు ఆయనవే. ఈసారి నాలుగు కిలోమీటర్లూ ఒక్కటే మాట.

"చలెక్కువగా ఉందా చెల్లెమ్మా?"

"ఉందన్నయ్యగారూ."

అంతే. గేటు పక్కన నల్ల సంచుల్లో పామాయిల్ మొక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి వైపు చూడకుండా లోపలికి వెళ్ళాను.

తోటలోకి అడుగుపెడితే నేను ఊహించిన దృశ్యం కాదు. చెట్లన్నీ కొత్త చిగురు. రాగి రంగు ఆకు, కొంచెం లేత ఆకుపచ్చలోకి తిరుగుతోంది, సాయంత్రపు వెలుగులో మెరుస్తోంది. ఎంత బావుందే అన్నాను. గ్రేస్ నవ్వలేదు.

"అందమే మరి. ఆ ఆకొచ్చిన చోట పూత రావాలి."

"చలికి తట్టుకోలేక ఆకేశాయి చెల్లెమ్మా," అన్నారు వెనక నుంచి సాల్మన్‌గారు. "ముసలి చెట్లు. ఇంక వీటి వల్ల కాదు." అని మోటారు గది వైపు వెళ్ళిపోయారు.

ముప్ఫై రెండేళ్ళ మామిడి చెట్టు ముసలిదైతే అరవై మూడేళ్ళ నేనేమిటని ఆ రాత్రి రగ్గు కింద ముడుచుకుని ఆలోచించాను. అంతకంటే లోతుగా ఆలోచించనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. బస్సులో వెంకటేశ్వర్లుగారు అంత విడమరిచి చెప్పారు కదా, వినీ విననట్టు ఊరుకున్నాను.

ఆదివారం ఆరున్నరకి లేచాను. గ్రేస్ కట్టెలపొయ్యి మీద నీళ్ళు కాచి పెట్టింది. స్నానమైతే చేశాను గానీ, బయటికొచ్చాక వణుకు ఆగలేదు. మంచు చెట్ల మధ్య మోకాళ్ళెత్తున పరుచుకుని ఉంది. ఎండ ఎక్కడన్నా పడుతుందేమోనని చూస్తే తోట చివర, గట్టు మీద, కాస్త పసుపు వెలుగు కనిపించింది. చెప్పులేసుకుని అటే నడిచాను. ఎండ కోసం నేను పక్క మండలం దాకా అయినా వెళ్ళగలను.

అక్కడ నాగమణి చలిమంట వేసుకుని కూర్చుంది. పదిహేనేళ్ళ నుంచి ఈ తోటలో పనిచేస్తోంది, కోతల రోజుల్లో పదిమంది కూలీలని నడిపించేది ఆవిడే. నాకు చోటిచ్చింది. చేతులు కాచుకుంటూ తలెత్తి చూస్తే, నా నెత్తి మీది కొమ్మకి చిగురు లేదు. నిరుటి ముదురాకే. కానీ ప్రతి రెమ్మ చివరా లావుగా ఉబ్బి, సూది మొనలా ఎర్రటి కొస బయటపెట్టి ఉంది. పక్క చెట్టూ అంతే. లెక్కపెడితే గట్టు మీద తొమ్మిది చెట్లు, తొమ్మిదీ అలాగే ఉన్నాయి.

"ఇవేంటి నాగమణీ?"

"పూత మొగ్గండి. నాలుగు రోజులు ఎండ కాస్తే విరగబూస్తాయి."

"మరి మిగతా చెట్లు ముసలివి, ఇవి పడుచువా? అన్నీ ఒక్క తొలకరికే పాతాం కదా."

నాగమణి పుల్లతో మంట ఎగదోసింది. "ఇక్కడిదాకా పైపు అందదండి," అంది. అక్కడితో ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. "జనవరి చివర్లో వారం రోజులు ఎండ కాసింది చూడండి, చొక్కాలు తడిసిపోయేటట్టు. అయ్యగారు చలి పోయిందన్నారు. అందరికంటే ముందు కాయ దింపుదామన్నారు. మోటారు వెయ్యమంటే నేనే వేశానండి, మూడు రోజులు. నాలుగో రోజుకి మళ్ళీ చలి తిరుక్కుంది."

"టీచరుగారికి చెప్పావా?"

"టీచరుగారు అప్పుడు అమ్మాయిగారి పురుడని గుంటూరులో ఉన్నారు కదండి. వచ్చాక నన్నడగలేదు. అడిగితే చెప్తాను. నాకేం భయమండి? వేసింది నేనైనా వెయ్యమన్నది ఆయనేగా."

ఎండ మొహాన పడుతోంది, చేతులు వెచ్చబడ్డాయి. అయినా లేచి ఇంటి వైపు గబగబా నడిచాను. ముసలివీ కావు, పాడవనూ లేదు. తొందరపాటు ఒక మనిషిది, వేటు నూట యాభై చెట్లకి. నా ఒళ్ళు మండిపోయింది. ఆ పూట చలి సంగతి అప్పుడే మర్చిపోయాను.

తొమ్మిదింటికి చర్చి. గ్రేసుని ఒంటరిగా పట్టుకునే వీలు దొరకలేదు. చాపల మీద దాని పక్కనే కూర్చున్నాను. పాటలు హాయిగా ఉన్నాయి. చివర్లో పాస్టరుగారు ఊళ్ళో తోటల కోసం, మామిడి పూత కోసం ప్రార్థన చేయించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, నాకు ఆ క్రమశిక్షణ లేదు. మగవాళ్ళ వైపు సాల్మన్‌గారు కళ్ళు తెరుచుకుని చాప అల్లిక చూస్తున్నారు.

పదకొండున్నరకి వంటింట్లో తలుపు దగ్గరికేసి చెప్పేశాను. నాగమణి, పైపు, మోటారు, మూడు రోజులు, అన్నీ. గ్రేస్ వంకాయలు తరుగుతోంది. తరుగుతూనే ఉంది.

"నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"గుంటూరు నుంచి వచ్చి గేటు తీసిన రోజే తెలిసింది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ చెట్ల మధ్య ఉన్నాను. నీళ్ళు తాగిన చెట్టు నాకు తెలీదా?"

"తెలిసి కొట్టించేస్తుంటే ఊరుకున్నావా? నీకు పిచ్చిగానీ పట్టిందా?"

కత్తి పక్కన పెట్టింది. "ఆయన చెప్తాడని చూస్తున్నానే. నెల్లాళ్ళ నుంచి చూస్తున్నా. పొద్దున్నే టీ ఇస్తాను, ఇప్పుడు చెప్తాడేమో అనుకుంటాను. చలి గురించి మాట్లాడతాడు. రాత్రి దీపం తీసేముందు చెప్తాడేమో అనుకుంటాను. చలి గురించే మాట్లాడతాడు. ఊళ్ళో అందరికీ నీళ్ళెప్పుడు పెట్టాలో చెప్పే మనిషి. ఆ ఆకు దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తోంది. చెట్లుంటే ఆకు కనిపిస్తుంది. చెట్లే లేకపోతే తప్పే లేదు. అదీ ఆయన లెక్క."

"అంటే ఊళ్ళో వాళ్ళకీ తెలుసా?"

"తెలీకపోవడమేంటి? రైతులు కాదూ? ఆయన మొహం మీద ఎవరంటారు?"

"నువ్వను."

"నేనంటే ఒప్పుకుంటాడు. అవునంటాడు, చెట్లు ఉంచేస్తాడు, జన్మంతా నా మొహం చూడలేక తిరుగుతాడు. తన నోటితో తనే చెప్పాలి. చెప్పకపోతే కొట్టించెయ్యనీ." కత్తి మళ్ళీ అందుకుంది. "నా బిడ్డల్లా పెంచానే వాటిని. అయినా కొట్టించెయ్యనీ. నువ్వు మాత్రం నోరు మెదిపావంటే నా మీద ఒట్టు."

నా నోట్లో నువ్వుగింజ నానదని దానికి బాగా తెలుసు, అందుకే ఒట్టు పెట్టించుకుంది. ఈస్టరు ముందు నలభై రోజులూ వాళ్ళకి శ్రమ దినాలు, గ్రేస్ ఇంట్లో మాంసం ఉండదు. మధ్యాహ్నం గుత్తివంకాయ, పప్పుచారు, నిరుటి ఆవకాయ. నాటుకోడి మీద ఆశ పెట్టుకుని వచ్చినదాన్ని, ఆ వంకాయ తిన్నాక కోడి ఊసెత్తలేదు. కానీ ఒట్టు గొంతులో అడ్డం పడి కూర్చుంది. పప్పుచారు దగ్గరికి వచ్చేసరికి ఇంక ఆగలేకపోయాను.

"అన్నయ్యగారూ, పొద్దున గట్టు మీదికి వెళ్ళాను. ఎండ బావుంది అక్కడ."

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. గ్రేస్ బల్ల కింద నా కాలు తొక్కింది.

"అంతదూరం వెళ్ళారా?"

"చలికి నిలవలేక వెళ్ళాను."

"పైపు అంతదూరం రాదు," అన్నారు ఆయన, ఎవరూ అడక్కుండానే. ఆ తర్వాత మజ్జిగ పోసుకోకుండా లేచి చెయ్యి కడుక్కుని, తోటలోకి వెళ్ళారు. సాయంత్రం దాకా రాలేదు. గ్రేస్ నాతో గంటసేపు మాట్లాడలేదు. నేను పూతరేకుల డబ్బా తెరిచి సంధికి వెళితే, రెండు తిని క్షమించింది.

సోమవారం చెట్లు పెళ్ళగించే మిషన్ ఏడింటికి రావాలి. ఏడున్నరైనా రాలేదు. మంచులో మలుపు దొరక్క, రోడ్డు మీద ముందుకీ వెనక్కీ తిరుగుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. చివరికి సాల్మన్‌గారే టార్చిలైటు తీసుకుని వెళ్ళి దారి చూపించి తీసుకొచ్చారు. తన తోట కొట్టడానికి తనే దారి చూపిస్తున్న మనిషిని చూస్తే, ముందు రోజు నుంచీ ఆయన మీదున్న కోపం పోయి జాలేసింది.

పసుపుపచ్చ మిషన్ లారీ మీంచి దిగింది. కట్టెలు కొనేవాడు ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఊళ్ళో నలుగురైదుగురు రైతులు కండువాలు చెవులకి చుట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో మా బస్సు వెంకటేశ్వర్లుగారూ ఉన్నారు. నాగమణి గేటు దగ్గర. గ్రేస్ టీ గ్లాసులున్న పళ్ళెం పట్టుకుని వరండాలో నిలబడింది, మెట్లు దిగలేదు. దాని పక్కన నేను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డ్రైవరు మీసాల మనిషి, ఎక్కడికెళ్ళినా పని త్వరగా కానిచ్చుకు పోయే రకంలా ఉన్నాడు. సీట్లో కూర్చుని అరిచాడు.

"ఏ చెట్టు నుంచి మొదలెట్టమంటారు సార్?"

సాల్మన్‌గారు మొదటి వరసలో చెట్టు కిందికి వెళ్ళి ఒక రెమ్మ వంచారు. రాగి రంగు ఆకుల మీద నుంచి మంచునీళ్ళు ఆయన చొక్కా చేతి మీద పడ్డాయి.

"సార్, పొద్దెక్కుతోంది. ముసలి చెట్లన్నారుగా, తేలిగ్గా వచ్చేస్తాయి."

"ముసలివి కాదయ్యా," అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పే గొంతే. "చెట్లకేం లేదు. నేనే తొందరపడ్డాను. చలి పోయిందనుకుని జనవరిలో మోటారేయించాను. మూడు రోజులు నీళ్ళు పెట్టాను. నీళ్ళిస్తే చెట్టు ఆకెయ్యక ఏం చేస్తుంది? అది చెయ్యాల్సిందే చేసింది. తప్పు నాది."

డ్రైవరు ఇంజను ఆపాడు. సాల్మన్‌గారు వరండా వైపు తిరిగారు, అందరి ముందూ.

"గ్రేసూ, నీకు అప్పుడే చెప్పాల్సింది."

గ్రేస్ పళ్ళెంతోనే మెట్లు దిగి వెళ్ళి ఆయన చేతికి గ్లాసు ఇచ్చింది. "ముందు టీ తాగండి, చల్లారిపోతుంది," అంది. దాని మొహం వెలిగిపోవడం మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది. నేను ఏడ్చాను. మంకీ క్యాపు కిందికి లాక్కున్నాను గానీ ఎవరికి తెలీదు?

వెంకటేశ్వర్లుగారు గొంతు సవరించుకున్నారు. "నేనూ ఆ వారం మోటారు గది దాకా వెళ్ళొచ్చానండి సాల్మన్‌గారూ. తాళం చెవి దొరక్క ఆగాను గానీ, లేకపోతే నా తోటా ఇంతే." ఆ మాట నిజమో, ఆయన మర్యాదో నాకు తెలియదు. "వచ్చే ఏడు కూడా మీరే చెప్పండి మాకు, ఎప్పుడు పెట్టాలో," అన్నారు.

కట్టెలవాడు సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. డ్రైవరు మాత్రం దిగి వచ్చి, మరి నా సంగతేంటని నిలదీశాడు. రోడ్డు పక్క అరెకరం బీడుంది, తెచ్చిన పామాయిల్ మొక్కలకి అక్కడ గుంటలు తియ్యమన్నారు సాల్మన్‌గారు. ఎంత దూరంలో ఒక్కో గుంట తియ్యాలో పది నిమిషాలు వివరించారు. పాఠం మళ్ళీ మొదలైందని నాగమణి నవ్వింది.

పది దాటాక చాట్రాయి బస్సుస్టాపుకి గ్రేస్ కూడా వచ్చింది. "ఆయన్ని ఇప్పుడు తిడతానే," అంది. "నెల్లాళ్ళ తిట్లు దాచిపెట్టుకున్నాను. నువ్వు బస్సెక్కితే వెళ్ళి మొదలెడతాను." ముప్ఫై రెండేళ్ళ కిందట బస్సు టాపు మీంచి మొక్కలు దింపిన రోజున ఎంత హుషారుగా ఉందో అంత హుషారుగా ఉంది. మళ్ళీ జీరో టికెట్, మళ్ళీ ఆధార్. ఈసారి అడక్కముందే క్యాపు తీశాను.

నూజివీడులో పెరుగన్నం, జంక్షన్‌లో టీ, రెండూ ముప్ఫైకి రైలు. కిటికీ పక్కన సీటు దొరికింది. మధ్యాహ్నం ఎండ ఉంది గానీ గాలిలో చల్లదనం పోలేదు, ఏలూరు దాటేసరికి మళ్ళీ శాలువా కప్పుకున్నాను. చలి ఎప్పుడు పోతుందో నాకు తెలియదు, రేడియోవాళ్ళకీ తెలిసినట్టు లేదు. ఇన్నాళ్ళూ ఈ చలిని నా ఒక్కదాని మీద కక్షలా తిట్టుకున్నాను. అది పోయేదాకా కాచుకుని కూర్చోవడం కొందరికి వృత్తి అని, అందులో ఒక్క వారం ఓపిక తప్పితే ఏడాది పోతుందని ఈ మూడు రోజుల్లో తెలిసింది. తిట్టడం మానతానని మాత్రం మాటివ్వలేను.

మీరు వెళ్ళాలనుకుంటే ఈసారి మే నెలలో కాదు, జూన్ చివర్లో వెళ్ళండి. చిన్న రసాలు చుట్టుపక్కల తోటల్లో దొరుకుతాయి. ఆలస్యమైనా ఎండ వచ్చాక పూస్తాయని వెంకటేశ్వర్లుగారి నమ్మకం. చాట్రాయి దాటి నాలుగు కిలోమీటర్లు పోతే మా గ్రేసు తోట. అక్కడ మాత్రం గట్టు మీది తొమ్మిది చెట్లకే కాయ ఉంటుంది. మిగతా చెట్లకేమైందండీ అని మొహమాటపడకుండా అడగండి. సాల్మన్‌గారు చెప్తారు.